జింబాబ్వే పేరు చెప్పి నోరు మూయించేవాళ్ళకు (భూమి ముచ్చట – 11)



పదో భాగం పెట్టి మూడు వారాలైంది. ఆలస్యానికి కారణం ఒక ఫోన్ కాల్. మన స్టడీ సర్కిల్‌లో కూర్చుని చదువుకున్న ఒక చెల్లె, ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేసింది. ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఇప్పుడు యూరప్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటొచ్చింది, ఫెలోషిప్ కూడా ఇస్తున్నారు. ఆఫ్రికాలో చిన్న రైతులకు భూమి పట్టాలిస్తే బ్యాంకు అప్పు పుడుతుందా, దిగుబడి పెరుగుతుందా అని కొలిచే ప్రాజెక్టు. "అన్నా, పోవాల్నా వద్దా? మన భూమి సంగతి ఇట్ల పెట్టుకొని ఆఫ్రికా భూమి ఎందుకు నీకు అంటున్నరు మనోళ్ళు" అంది.

పో అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టలేదు. "మరి పోయేముందు ఏం చదవాలె?" అంది. దానికి ఫోన్‌లో జవాబు చెప్పలేకపోయాను. ఈ భాగం ఆ జవాబే. రాయడం ఆమె కోసం మొదలుపెట్టాను గానీ, ఇందులో ఉన్న కోపం ఆమె మీద కాదు.

ఆ కోపం పాతది. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒకనాడు భూసంస్కరణల పాఠం. 1973 సీలింగు చట్టం, మిగులు భూమి, బినామీలు, కోర్టు స్టేలు, అన్నీ కలిపి ముప్పావు గంటలో అయిపోయాయి. లేచి అడిగాను: "సార్, పంచలేదు కాబట్టి ఫెయిలైందంటున్నరు. నిజంగనే పంచితే ఏమయ్యేది?" సార్ నవ్వాడు. "జింబాబ్వే అయ్యేది" అన్నాడు. క్లాసు కూడా నవ్వింది. నాకు జింబాబ్వే అంటే క్రికెట్ టీమే తెలుసు. ఆండీ ఫ్లవర్ తెలుసు, ఒలాంగా తెలుసు. 2003 వరల్డ్ కప్‌లో ఆ ఇద్దరూ చేతికి నల్ల పట్టీలు కట్టుకుని ఆడిన సంగతి లీలగా గుర్తుంది. ఎందుకు కట్టుకున్నారో తెలియదు. జవాబు లేక కూర్చున్నాను.

ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. టీవీ చర్చల్లో విన్నాను. సివిల్స్ కోచింగ్ మెటీరియల్‌లో చదివాను. మన దళితుల్లోనే ఆఫీసర్లయినవాళ్ళు కొందరు "అట్ల పంచుడు పెట్టుకుంటే జింబాబ్వే లెక్క నూరు ట్రిలియన్ల నోటు అచ్చేసుకోవాలె తమ్ముడూ" అని భుజం తట్టారు. భూమి అడిగినవాడి నోరు మూయించడానికి ఒక దేశం పేరు చాలు. ఆ దేశంలో ఏం జరిగిందో చెప్పేవాడికీ అక్కర్లేదు, వినేవాడికీ అక్కర్లేదు.

ఆ అవమానంతోనే లైబ్రరీలో వెతుక్కుంటూ పోతే దొరికిన పేరు సామ్ మోయో.

1954లో పుట్టాడాయన. అప్పటికి ఆ దేశం పేరు దక్షిణ రొడీషియా. చదువు కోసం సియెర్రా లియోన్ పోయాడు, కెనడా పోయాడు. నైజీరియాలో పాఠాలు చెప్పాడు. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక తిరిగొచ్చి హరారేలో జింబాబ్వే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో చేరాడు. భూమి మీద ఆయన పుస్తకం 1995లో వచ్చింది. అంటే లోకమంతా జింబాబ్వే భూమి గురించి అరవడం మొదలుపెట్టడానికి ఐదేళ్ళ ముందు. తర్వాత హరారేలోనే ఆఫ్రికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ పెట్టాడు. ఆఫ్రికా ఖండం మొత్తానికి సామాజిక శాస్త్రాల సంఘం కోడెస్రియా ఉంది, దానికి అధ్యక్షుడయ్యాడు. చివరికి మన దేశంలోనే చనిపోయాడు. 2015 నవంబర్‌లో కూలీల సమస్యల మీద జరిగిన ఒక సదస్సు కోసం ఢిల్లీ వచ్చి, కారు ప్రమాదంలో దెబ్బలు తిని, 22న ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఆ వార్త నేను చూడలేదు. రెండు నెలలు తిరగకుండానే రోహిత్ పోయాడు. ఆ చలికాలం మనలో ఎవరికి ఇంకో వార్త గుర్తుంది?

చెల్లెకు ముందుగా చెప్పాలనుకున్నది ఈ మనిషి పని చేసిన తీరు గురించి. ఆఫ్రికా భూమి మీద పేరు తెచ్చుకున్న పుస్తకాల్లో చాలావాటిని విమానం దిగి, ఆరు నెలలుండి, విమానం ఎక్కినవాళ్ళు రాశారు. ఈయనకు ఎక్కడైనా కుర్చీ వేసేవాళ్ళు. కానీ హరారేలో కూర్చున్నాడు. తెల్లవాళ్ళ పొలాల్లోకి జనం దూరినప్పుడు, దేశం ఉడికిపోతున్నప్పుడు, నోట్ల మీద సున్నాలు పెరుగుతున్నప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. 2005–06లో ఆరు జిల్లాల్లో రెండు వేలకు పైగా కుటుంబాల దగ్గరికి మనుషుల్ని పంపించి అడిగించాడు: నీకు భూమి ఎట్లొచ్చింది, ఎక్కడి నుంచి వచ్చావు, ఏం వేశావు, ఎడ్లున్నాయా, ఎరువు దొరికిందా. లండన్ పత్రికలు "ముగాబే మనుషులు దోచుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట ఈయన ఇల్లిల్లూ లెక్కబెట్టాడు.

ఇక ఆ లెక్కకు ముందు కథ. దీన్ని మన ప్రొఫెసర్లు ఎప్పుడూ చెప్పరు.

1888లో సెసిల్ రోడ్స్ మనుషులు రాజు లొబెంగులాతో గనుల కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. గనుల కాగితం పట్టుకుని భూమిలోకి వచ్చారు. 1896–97లో జనం తిరగబడితే అణిచేశారు. 1930లో ల్యాండ్ అపోర్షన్‌మెంట్ చట్టం తెచ్చారు. జనాభాలో ఇరవయ్యో వంతు కూడా లేని తెల్లవాళ్ళకు దేశంలో దాదాపు సగం భూమి రాసిచ్చారు. నల్లవాళ్ళకు రిజర్వులు. ఇసుక నేలలు, వాన నిలవని చోట్లు. ఆ రిజర్వులో పంట తిండికి చాలదు, చాలకూడదు కూడా. చాలితే తెల్ల దొర పొలంలోకీ గనిలోకీ ఎవడొస్తాడు? కూలీ కోసం మనుషుల్ని నిల్వ చేసిపెట్టే చోటు అన్నమాట. ఈ ముక్క చదివినప్పుడు నాకు మ్యాప్ అవసరం రాలేదు. ఊరికి తూర్పునో దక్షిణాననో, గెట్టు అవతల, చెరువు నీళ్ళు పారని దిబ్బ మీద ఉండే మన వాడను చూస్తే చాలు.

1979 డిసెంబర్‌లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో ఒప్పందం రాసుకున్నప్పుడు భూమి గురించి ఒక షరతు పెట్టారు. అమ్మేవాడికి ఇష్టమైతేనే కొనాలి. పదేళ్ళు దాన్ని ముట్టుకోవద్దు. కొత్త సర్కారు లక్షా 62 వేల కుటుంబాలకు భూమి ఇస్తానంది. 1990ల చివరికి 70 వేల దగ్గర ఆగిపోయింది. కొనడానికి డబ్బుల్లేవు, అమ్మినవాళ్ళు పనికిరాని చెలకలు అమ్మారు. 1997లో బ్రిటన్ మంత్రి క్లేర్ షార్ట్ ఉత్తరం రాసింది: ఆ భూముల కొనుగోలు ఖర్చుకు మాకు ప్రత్యేక బాధ్యతేమీ లేదు, మేం కొత్త ప్రభుత్వం, నా పుట్టుక ఐర్లాండ్ పుట్టుక, మేమూ వలస పాలన కింద ఉన్నవాళ్ళమే అని. పాపం! తాత చేసిన దానికి నేనేం చేయను అనే మాట మన పటేళ్ళ మనవళ్ళ నోట మనమూ వింటూనే ఉన్నాం. తాత మిగిల్చిన నలభై ఎకరాలు మాత్రం ఉండాలి.

1998లో స్వోస్వే అనే చోట రైతులు నడుచుకుంటూ పోయి పొలాల్లో కూర్చున్నారు. అప్పుడు పోలీసుల్ని పెట్టి వాళ్ళను వెళ్ళగొట్టింది ఇదే ముగాబే సర్కారు. 2000 ఫిబ్రవరిలో రాజ్యాంగ రెఫరెండంలో ఓడిపోయాక గాని ఆ సర్కారుకు భూమి మీద ప్రేమ పుట్టలేదు. అప్పుడు మాజీ గెరిల్లాలు ముందు నడిచారు, జనం వెనక నడిచారు. అప్పటికి 4,500 మంది చేతుల్లో ఉన్న పెద్ద పొలాల్లో చాలా భాగం పదేళ్ళలో దాదాపు 1,70,000 కుటుంబాల చేతికొచ్చాయి. మోయో లెక్క చెప్పింది ఇదే. మంత్రులూ జనరళ్ళూ పెద్ద ముక్కలు మింగారు, నిజం. కానీ భూమి దొరికినవాళ్ళలో అత్యధికులు పాత రిజర్వుల నుంచి వచ్చిన మామూలు మనుషులు. 2010లో ఇయాన్ స్కూన్స్ బృందం మస్వింగో ప్రాంతంలో 400 కుటుంబాలను చూసి రాసిన పుస్తకమూ అదే చెప్పింది.

మరి నూరు ట్రిలియన్ల నోటు? అది 2009 జనవరిలో వచ్చింది. కాని ఆ డాలర్ మొదటిసారి కూలింది 1997 నవంబర్ 14న. ఒక్క రోజులో సగానికి పైగా విలువ పోయింది. అప్పటికి ఒక్క ఎకరం గుంజుకోలేదు! 1991 నుంచి ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ చెప్పిన సర్దుబాటు కార్యక్రమం, 1997లో బడ్జెట్‌లో లేని సొమ్ము మాజీ గెరిల్లాలకు పంచడం, 1998లో కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపడం. ఇవన్నీ భూమికి ముందువి. తర్వాత అప్పులు ఆగిపోయాయి, కరువులొచ్చాయి, విత్తనం లేదు, ఎరువు లేదు, సర్కారు నోట్లు అచ్చేసింది. పొలాలు ఊడలాక్కున్న తీరు దెబ్బ కొట్టలేదని నేననను, గట్టిగానే కొట్టింది. పొగాకు 2000లో దాదాపు 23 కోట్ల 70 లక్షల కిలోలు, 2008లో ఐదు కోట్లు కూడా లేదు. 2023లో 29 కోట్ల కిలోలు దాటింది. 2000 నాటి కంటే ఎక్కువ. పండించింది ఎక్కువగా చిన్న రైతులే. సార్ పాఠంలో 2008 వరకే ఉంటుంది. 2023 ఉండదు. (ఆ పొగాకు వెనక కంపెనీల కాంట్రాక్టు అప్పులున్నాయి, అది వేరే ఏడుపు. ప్రకాశం జిల్లా పొగాకు రైతును అడిగితే చెప్తాడు.)

కాబట్టి ఇకమీదట ఎవరైనా "జింబాబ్వే అయిపోతాం" అంటే, ఏ సంవత్సరం జింబాబ్వే అని అడగండి. 1930దా, 1979దా, 1997దా, 2008దా, 2023దా?

ఇప్పుడు చెల్లె పోబోయే ప్రాజెక్టు సంగతి. పట్టా.

డెవలప్‌మెంట్ ఎకనామిక్స్‌లో ఇరవై ఐదేళ్ళుగా ఒక మంత్రం నడుస్తోంది. పేదవాడికి ఆస్తి లేక కాదు, ఉన్న ఆస్తికి కాగితం లేక పేదగా ఉన్నాడు. కాగితం ఇస్తే బ్యాంకులో పెడతాడు, అప్పు తెస్తాడు, ఎదుగుతాడు. 2000లో పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో పుస్తకంతో ఇది ఊరూరా పాకింది. కాని ఈ మందు ఆఫ్రికాలో ఎప్పుడో వాడి చూశారు. 1954లో, కెన్యాలో, మౌ మౌ తిరుగుబాటును అణుస్తూనే బ్రిటిష్ సర్కారు స్విన్నర్టన్ ప్లాన్ తెచ్చింది. చెల్లాచెదురు ముక్కల్ని కలిపి ఒక్కొక్కరి పేర పట్టా. దాని ఉద్దేశం దాచుకోలేదు కూడా. చురుకైనవాడు భూమి కూడబెడతాడు, చేతకానివాడు పోగొట్టుకుంటాడు, భూమి ఉన్న తరగతి, లేని తరగతి ఏర్పడతాయి, దేశం ఎదగాలంటే అది మామూలే అని రాసుకున్నారు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ళ పేరనే పడ్డాయి. దున్ని, కలుపు తీసి, కోసే ఆడవాళ్ళకు అంతకుముందు ఆ నేల మీద ఉన్న పాటి హక్కు కూడా కాగితంలోకి ఎక్కలేదు.

పట్టా పనికిరాదని అనడం లేదు. రువాండాలో 2009 తర్వాత కోటికి పైగా ముక్కల్ని కొలిచి రాశారు. భర్తతో పాటు భార్య పేరూ ఎక్కింది. కాని చట్టప్రకారం పెళ్ళి రిజిస్టరైన భార్య పేరే. కాగితం లేని పెళ్ళి చేసుకున్నవాళ్ళు వెనకబడ్డారు. అంటే ఏ కాగితమైనా దానికి ముందున్న ఇంకో కాగితాన్ని అడుగుతుంది. పట్టాలో రాసే మొదటి ప్రశ్న "ఈ భూమి ఎవరిది?" అని. మన ప్రశ్న అది కానే కాదు. భూమి లేనివాడికి పట్టా పథకంలో గడి ఎక్కడుంది?

మా మండలంలో 1970లలో మాలమాదిగలకు ఇచ్చిన అసైన్‌మెంట్ పట్టాలున్నాయి. అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం కూడా వచ్చింది. అయినా సగం భూములు పోయాయి, పెళ్ళికో రోగానికో తాకట్టు పెట్టి. ఆ చట్టం ఉండబట్టే మిగతా సగం కోసం ఇవాళ్టికీ తహసీల్ ఆఫీసు ముందు కూర్చోగలుగుతున్నాం. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు ఆ చట్టాన్ని సవరించింది. ఇచ్చి ఇరవై ఏళ్ళయితే అమ్ముకోవచ్చు అంది. దళితుడికి స్వేచ్ఛ ఇచ్చామన్నారు. మనవాళ్ళే పాలాభిషేకాలు చేశారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2024 చివర, జింబాబ్వే సర్కారు కూడా అదే పని మొదలుపెట్టింది. భూసంస్కరణలో భూమి వచ్చినవాళ్ళకు అమ్ముకోగల, తాకట్టు పెట్టుకోగల పట్టాలు. అక్కడా ఇదే మాట, స్వేచ్ఛ. మోయో బతికుంటే ఏమనేవాడో నేను చెప్పను, చనిపోయినవాళ్ళ నోట్లో మాట పెట్టకూడదు. నేనైతే ఒకటే అడుగుతాను. అమ్ముకునే స్వేచ్ఛ ఎప్పుడూ కొనేవాడికి డబ్బున్న సంవత్సరమే ఎందుకు వస్తుంది?

ఇంతవరకు చదివి ఎర్రజెండా మిత్రులు సంతోషపడి ఉంటారు. ఆగండి. మిగతా కోపం మీ మీదే.

మోయో పేరు మీరు సభల్లో తలుస్తారు. గ్లోబల్ సౌత్ అంటారు, సామ్రాజ్యవాదం అంటారు, రైతాంగం అంటారు. ఆ తెల్ల పొలాల్లో అప్పటికే పనిచేస్తున్న మూడు లక్షలకు పైగా కూలీల సంగతి ఎందుకు ఎత్తరు?

వాళ్ళెవరో చెప్తాను. చాలామంది తాతలు మలావీ నుంచి, మొజాంబిక్ నుంచి, జాంబియా నుంచి వచ్చినవాళ్ళు. తెల్ల దొరలే పిలిపించుకున్నారు. పొలంలోనే ఒక మూల గుడిసెల వరస, దాన్ని కాంపౌండ్ అంటారు. పని ఉన్నంతవరకే గుడిసె. పని పోతే గుడిసె పోతుంది. దొరే యజమాని, దొరే పోలీసు, దొరే పంచాయితీ. స్వాతంత్ర్యం వచ్చే దాకా వాళ్ళ మీద నడిచింది కార్మిక చట్టం కాదు, యజమాని–నౌకరు చట్టం. ఆ నేల ఎక్కడ చవుడు, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఏ మడిలో పొగాకు ముందు పండుతుందో వాళ్ళకంటే తెలిసినవాడు దేశంలో లేడు.

పొలాలు పంచినప్పుడు వాళ్ళకు దొరికింది బహు కొద్ది. కొందరు దెబ్బలు తిన్నారు, కొందర్ని గుడిసెల్లోంచి తరిమారు. తెల్ల దొర పక్షం అన్నారు, ప్రతిపక్షానికి ఓటేస్తారన్నారు, అన్నిటికంటే ముఖ్యంగా పరాయివాళ్ళన్నారు. షోనా వాళ్ళకు వంశానికొక జంతువు గుర్తుంటుంది, ముతుపో అంటారు. అక్కడి గుర్తు లేనివాడికి అక్కడ ఊరు లేదు, పెద్దమనిషి లేడు, పూర్వీకుల సమాధి లేదు. 2001 పౌరసత్వ చట్టం దెబ్బకు వాళ్ళలో చాలామంది అక్కడే పుట్టి అక్కడే ముసలివాళ్ళైనా పౌరులు కాకుండా పోయారు. అదే కాంపౌండ్‌లో ఉండి, అదే నేల మీద, ఈసారి నల్ల రైతు దగ్గర మరిచోకు పోయారు. మరిచో అంటే ముక్క లెక్క కూలి. మన గుత్త కూలి.

భూమి వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళ లెక్క కూడా చూడండి. 2003లో ఆ సర్కారు వేసిన ఉటెటె కమిటీయే చెప్పింది. చిన్న కమతాల్లో 18 శాతం, పెద్ద కమతాల్లో 12 శాతం.

మోయో దీన్ని దాచలేదు. 2000లోనే ఇద్దరు సహచరులతో కలిసి కూలీల గురించి వ్యాసం రాశాడు. తర్వాత కూడా రాశాడు. గుడిసెతో కట్టేసే పాత బానిసత్వం విరిగిందని, కొత్త చిన్న కమతాల్లో పని దొరుకుతోందని, కూలీల కన్నీళ్ళను తెల్ల రైతుల సంఘాలు, దాతల సంస్థలు తమ అడ్డుగా వాడుకుంటున్నాయని వాదించాడు. అందులో నిజముంది. దొర తన పొలం కాపాడుకోవడానికి జీతగాడి బతుకును ముందు నిలబెట్టడం మనకు తెలియని విద్యా? "నా పొలం పోతే మీ మాదిగోళ్ళే అడుక్కుతింటరు" అన్న పటేల్‌ను నేను కళ్ళారా చూశాను.

కాని ఎంత పెద్ద మనిషైనా ఇక్కడ నాకు మింగుడు పడడు. రైతుకు భూమి వచ్చినప్పుడు అది న్యాయం. కూలీకి పని దొరికినప్పుడు అదీ న్యాయమేనా? ఒకరికి ఎకరాలు, ఇంకొకరికి ఉపాధి? ముగాబే సర్కారు మీద కూడా ఆయన కలం ఉండాల్సినంత గట్టిగా లేదని ఆ దేశపు వామపక్ష మేధావులే తగువు పెట్టుకున్నారు. లాయిడ్ సచికోన్యె లాంటివాళ్ళు 2003లోనే కూలీల పరిస్థితి మీద విడిగా పనిచేశారు. చెల్లె ఇద్దర్నీ చదవాలి. ఒకర్ని చదివి ఇంకొకర్ని తిట్టే అలవాటు మనకు వద్దు.

ఇదంతా నాకెందుకు ఇంత మంట? మా తాత జీతం ఉన్నాడు. పటేల్ పొలంలో ఇరవై ఏళ్ళు నాగలి పట్టాడు. మా అవ్వ అదే మళ్ళల్లో నాట్లేసింది. దున్నేవాడికే భూమి అన్న పాట మా వాడలోనూ పాడారు, మా తాత తమ్ముడు సంఘంలో తిరిగి జైలుకు పోయాడు. చివరికి 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు పేరు రాసుకున్నారు. కౌలు చేసినవాడికి పేరెక్కింది, చాలాచోట్ల అది మన కులం కాదు. సొంత సేద్యం అంటే ఏమిటో కూడా అందులో రాశారు. జీతగాళ్ళతో, కూలీలతో దగ్గరుండి చేయించుకున్నా సొంత సేద్యమే. గొడుగు పట్టుకుని గెట్టు మీద నిలబడ్డవాడు చట్టంలో దున్నేవాడయ్యాడు. నిజంగా దున్నిన మా తాత ఆ చట్టంలో పనిముట్టు. ఎద్దు ఎంతో తాత అంత.

ఆ అలవాటు పోలేదు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి, పంటకు నాలుగు వేలు పాసుబుక్కు ఉన్నవాడి ఖాతాలో పడ్డాయి. అమెరికాలో ఉన్నవాడికీ పడ్డాయి. కలుపు తీసిన మా అమ్మకు పడలేదు.

బాబాసాహెబ్ దీన్ని ముందే పట్టుకున్నాడు. ఆయనా ఎకనామిక్స్ మనిషే అని మనవాళ్ళకే గుర్తుండదు. 1918లో చిన్న కమతాల మీద వ్యాసం రాశాడు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలన్నాడు. భూమిని కులమతాల తేడా లేకుండా ఊరి జనానికి ఉమ్మడి సేద్యానికివ్వాలి, భూస్వామి ఉండకూడదు, కౌలుదారు ఉండకూడదు, భూమిలేని కూలీ ఉండకూడదు అన్నాడు. మూడోది చూడండి. దున్నేవాడికే భూమి అన్నవాళ్ళు మొదటి రెండింటి దగ్గరే ఆగారు. ఆ పథకం అట్లాగే నడుస్తుందని నేను వాదించను. ప్రభుత్వ వ్యవసాయం ఎక్కడెక్కడ ఏమైందో నాకూ తెలుసు. కాని ప్రశ్న వేసినప్పుడు కూలీని లోపల పెట్టి వేశాడు.

ఇంకొక మాట. "మన భూమి వదిలి ఆఫ్రికా ఎందుకు" అన్నవాళ్ళకు. బెంగళూరులో ఆఫీసు పెట్టుకుని గులాబీలు ఎగుమతి చేసే కరుటూరి గ్లోబల్ 2010లో ఇథియోపియాలోని గంబెల్లాలో లక్ష హెక్టార్లు కౌలుకు తీసుకుంది, మూడు లక్షల దాకా పెంచుకోవచ్చన్న మాట మీద. కౌలు హెక్టారుకు ఏడాదికి 20 బిర్లు. అప్పట్లో అది మన హోటల్లో ఒక పూట భోజనం ఖరీదు. ఆ నేల అనువాక్ జనానిది. 2015లో ఆ ఒప్పందాన్ని అక్కడి సర్కారు రద్దు చేసింది. మన పెట్టుబడి అక్కడికి పోయేటప్పుడు ఎవరూ "మన భూమి వదిలి ఎందుకు" అని అడగలేదు. మన పిల్ల చదువుకు పోతుంటే అడుగుతున్నారు.

చెల్లె ఆ ప్రాజెక్టు ప్రశ్నావళి వాట్సాప్‌లో పంపింది. నలభై రెండు పేజీలు. ఇంటి పైకప్పు రేకా గడ్డా, మేకలెన్ని, సెల్‌ఫోన్లెన్ని, అప్పెంత, ఇంటిపెద్ద ఎవరు. అన్నీ ఉన్నాయి. నేను రెండుసార్లు చదివాను. ఈ ముక్కలో కూలికి వచ్చేవాళ్ళెవరు, వాళ్ళు ఎక్కడ పడుకుంటారు, పట్టా రాకముందు ఈ నేల మీద ఇంకెవరు మేకలు మేపారు, పుల్లలు ఏరారు, ఇప్పుడు వాళ్ళేరి. ఇవి లేవు. శాంపిల్ గ్రామ జాబితా నుంచి తీస్తారట. జాబితాలో లేనివాడి ఇంటి తలుపు ఎవరూ కొట్టరు.

"ఇవి అడిగితే గైడ్ ఒప్పుకుంటాడా అన్నా?" అంది. ఒప్పుకోకపోవచ్చు. నా కథ నీకు తెలుసు. దళితుల భూమి మీద ప్రతిపాదన పట్టుకుపోతే ఇది ఎకనామిక్స్ కాదు, సోషియాలజీ డిపార్ట్‌మెంట్‌కు పో అన్నారు, అక్కడికి పోతే ఇందులో అంకెలెక్కువ అన్నారు. 1968లో కేప్‌టౌన్ యూనివర్సిటీ ఆర్చీ మఫెజె అనే నల్ల మేధావికి ఉద్యోగం ఇచ్చి, వర్ణవివక్ష సర్కారు కన్నెర్ర చేస్తే వెనక్కి తీసుకుంది. ఆయన ఊరుకోలేదు. దేశాలు తిరిగి పాఠాలు చెప్పాడు, ఆఫ్రికా వ్యవసాయం మీద ముసలితనం దాకా రాశాడు. ఆయన్ని కూడా నీ సంచిలో పెట్టుకో.

నలభై మూడో పేజీ మనం రాద్దాం. ఈ ఆదివారం సర్కిల్‌లో కూర్చుందాం. జీతం ఉన్నవాళ్ళు, నాట్లకు పోయేవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళను తీసుకురండి, ఏం అడగాలో వాళ్ళే చెప్తారు. మా అమ్మ వస్తానంది. ఆమె మొదటి ప్రశ్న ఇప్పటికే చెప్పింది: "బాయి కాడ నీళ్ళు ఎవరు తాగనిస్తరు అని అడగమను."

పన్నెండో భాగం మా మండలం అసైన్‌మెంట్ రిజిస్టర్ గురించి. నకలు కోసం ఆర్టీఐ పెట్టాను, జవాబు వచ్చాక రాస్తాను.

జై భీమ్.